తాతయ్య మిగిల్చే సగం

నాయనమ్మా,

మీ ఆయనతో వేగలేకపోతున్నాను. నరసరావుపేట ఎండలు నీకు తెలియనివా. నాలుగు రోజుల కిందట పొలం నుంచి వస్తూ కళ్ళు తిరిగి గేటు దగ్గరే కూలబడ్డాడు. పూటకో నిండు గ్లాసు చల్లటిదేదైనా తాగాల్సిందేనని డాక్టరు చెప్పాడు. అందుకని కర్బూజా, అరటిపండు, పెరుగు మిక్సీలో వేసి స్మూతీ చేస్తున్నాను.

"ఏందే ఈ గుజ్జు? నాకింకా పళ్ళుండయ్" అంటూనే తాగుతాడు. కానీ సగమే. మిగతా సగానికి మూత పెట్టి వంటింటి గట్టు మీద ఉంచుతాడు. రుచి లేదేమోనని చక్కెర పెంచాను, ఐసు వేశాను, చివరికి అరిచాను కూడా.

"ఎవరికి దాస్తున్నావు తాతయ్యా?"

"అలవాటైపోయిందే."

టీ అయినా సోడా అయినా సగం తాగి నీ చేతికివ్వడం. నువ్వు పోయి ఏడాదైనా మానలేదు. ఆ అలవాటు చేసింది నువ్వు, పడేది నేను.

ఇవాళ బజారుకెళ్ళి, మన గ్లాసులు రెండు పట్టే, లస్సీ పోసే పెద్ద గ్లాసు కొనుక్కొచ్చాను.

"ఇంత పెద్దదేందే?" అన్నాడు.

"ఇద్దరిదీ కలిపి పోశాలే, తాగు" అన్నాను.

కాసేపు గ్లాసు వంక చూశాడు. తర్వాత సరిగ్గా సగం తాగాడు.