శ్రమదినాల్లో తిన్న బెల్లం ముక్క

పూజ్యులైన నాయనకు, మిర్యాలగూడెం నుంచి మీ చిన్నబిడ్డ సువార్త ప్రభువు పేరిట చేసే వందనాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఆత్మకూరులో నువ్వు, అమ్మ, పురిటికి వచ్చిన అక్క ఎలా ఉన్నారో రెండు వారాలుగా కబురు లేదు. అక్క కాళ్ల వాపు తగ్గిందా? ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువుకో. అక్కకు వినిపించకు.

దవాఖానలో పని కుదురుకుంది. పురుళ్ల గదిలో పెద్ద నర్సమ్మకు సాయం చేస్తున్నాను. నీళ్లు కాచడం, గుడ్డలు ఉడకబెట్టడం, బిడ్డను తుడవడం. ఎండలు అప్పుడే ముదిరాయి. రెండు పూటలా అన్నమే. అమ్మ చేసే జొన్నరొట్టె మీదికి మనసు పోతోంది. ఆదివారం గుడి నుంచి వచ్చాక మాత్రం మీరంతా గుర్తొచ్చి ఏదీ సహించదు. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడవద్దు.

వచ్చేటప్పుడు నీకు చెప్పాను కదా, ఈసారైనా అక్క బిడ్డ దక్కాలని ఈస్టరు దాకా శ్రమదినాలు నలభై రోజులూ తీపి ముట్టనని. ఇద్దరిని పోగొట్టుకున్న తల్లి అది. మొక్కుకోవడం సులువే, ఏది తీపో తేల్చుకోవడమే కష్టమైంది. చాయలో చక్కెర మానాను, తర్వాత చాయే మానాను. అరటిపండు దేవుడిచ్చిన తీపి కదా అని తిన్నాను. మరునాడు భయమేసి అదీ మానాను. ఉడకబెట్టిన గెనుసుగడ్డ సగం తిన్నాక తియ్యగా ఉందని తోచి పక్కన పెట్టాను. నాతో ఉండే ఆయా నవ్వింది. "గిట్లయితే అన్నం గూడ నమిలితే తియ్యగనే ఉంటది. అదీ మానుతవా?" అంది. ఆ రోజు అన్నం నమలకుండా మింగాను.

పోయిన మంగళవారం త్రిపురారం నుంచి ఒకామెను బండిలో తెచ్చారు. ఆమెకూ ఇద్దరు పోయారట. పొద్దంతా నొప్పులు పడి ఆడపిల్లను కన్నది. పిల్ల వెంటనే ఏడవలేదు. నర్సమ్మ నోట్లోని జిగురు తీసింది, నేను వీపు రుద్దాను. చివరికి ఏడ్చింది. ఆమె అత్త కొంగున కట్టుకొచ్చిన బెల్లం విప్పి అందరికీ పెట్టింది. నేను వద్దన్నాను, మొక్కుందని చెప్పాను. వాళ్లకది అర్థం కాలేదు. అత్త చెయ్యి అట్లాగే ఆగిపోయింది. బాలింత మంచం మీది నుంచి తల లేపి నన్నే చూసింది.

"నా బిడ్డ బతకదని తెల్సే నోట్లె పెట్టుకుంటలేవా? సెప్పమ్మా."

నాయనా, ఆ చూపు అచ్చం అక్క చూపే. ఆమె చూస్తుండగానే బెల్లం తీసుకుని నోట్లో వేసుకున్నాను. "బతుకుతది. గట్టిగ ఉన్నది. పాలియ్యి," అన్నాను. అప్పుడు గానీ ఆమె పిల్లను దగ్గరికి తీసుకోలేదు. ఆదివారం ఇద్దరినీ క్షేమంగా ఇంటికి పంపాం.

అప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. ఎవరి బిడ్డ కోసమో తిన్నది అక్క బిడ్డ మీదికి వస్తుందేమోనని భయం. పాస్టరు గారిని అడిగితే, దయతో తిన్నదానితో మొక్కు చెడదన్నారు. విన్న గంటసేపు బాగుంటుంది, మళ్లీ భయం మొదలు.

అందుకే అడుగుతున్నాను. నెలలు నిండేదాకా ఆగకు. ఈ వారంలోనే బండిలో గడ్డి మెత్తగా పరిచి అక్కను సూర్యాపేట దాకా తెచ్చి, అక్కడ బస్సెక్కించి తీసుకురా. బావ వద్దంటే, నేను కాళ్లు పట్టుకుంటున్నానని చెప్పు. పాత మెత్తటి చీరలు రెండు తెండి. నర్సమ్మ మంచం ఉంచుతానంది. మొక్కు నిలిచిందో చెడిందో దేవుడికే తెలుసు. అక్క పక్కన మాత్రం నేనుండాలి.

అమ్మకు, బావకు, పెద్దలందరికీ నా వందనాలు. నన్ను దీవించి, బయలుదేరుతున్నామని ఒక్క ముక్క రాయి. రాయడానికి పొద్దు లేకపోతే, రాయకుండానే బయలుదేరండి.

మీ బిడ్డ
సువార్త