పది అంగుళాల కన్నం

బుధవారం రాత్రి, లీడ్స్, ఇంగ్లండ్

హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఈయన లాప్‌టాప్ ముందు కూర్చుని, మంచుకు కన్నం పెట్టే డ్రిల్లులు చూస్తున్నారు.

"ఎనిమిది అంగుళాలది తీసుకోనా, పదా? నువ్వు చెప్పు లతా," అన్నారు.

గడ్డకట్టిన చెరువు మీద నిలబడి లేక్ ట్రౌట్ చేపలు పట్టడానికట. కన్నం చిన్నదైతే పెద్ద చేప తల అంచుకు తగిలి, గాలం దారం తెగిపోతుందట. మరీ పెద్దదైతే అంత మందం మంచు తొలిచేసరికి చేతులు పడిపోతాయట.

"ఇక్కడ చెరువులు అంత గట్టిగా ఎక్కడ గడ్డకడతాయండీ?"

"ఇక్కడ కాదు. కెనడాలో, అన్నయ్య వాళ్ళ దగ్గర."

"చూసి రావడానికా, ఉండిపోవడానికా?"

"ముందు సైజు చెప్పు," అన్నారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

కిందటి నెల అక్కడి ఉద్యోగం గురించి మాట్లాడినప్పుడు ఏదో ఊరికే అంటున్నారనుకున్నాను. సెలవుకు వెళ్ళేవాళ్ళు డ్రిల్లు కొంటారా? అక్కడ అద్దెకు దొరకదా? నా వార్డు, పాప స్కూలు, ఇప్పుడిప్పుడే ఇల్లులా అనిపిస్తున్న ఈ ఫ్లాట్... పోనీ, వద్దని గట్టిగా ఉందా అంటే అదీ తెలియడం లేదు. ఆయన మొహంలో అంత హుషారు చూసి చాలా కాలమైంది.

"పెద్ద చేపలంటున్నారుగా, పదే తీసుకోండి," అన్నాను.

ఆయన నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, ఆర్డర్ పెట్టేశారు.

నేను చెప్పింది కన్నం సైజు. ఆయన విన్నది ఏమిటో అడుగుదామనుకుంటూనే పాపకు అన్నం పెట్టాను, గిన్నెలు కడిగాను. అడగలేదు.