ఆపిన తర్వాత వచ్చే చప్పుడు

గద్వాల

ప్రియమైన బావకు,

రేషన్ జీపు నువ్వు కాపలా కాసే అడవిలోకి వెళ్తోందని తెలిసి హడావుడిగా రాస్తున్నాను. నీ క్యాంపులో ఫోను సిగ్నల్ లేకపోవడమే మంచిదైంది. ఉంటే ఈ వారమంతా నా గోల వినలేక చచ్చేవాడివి.

మన ఎర్ర కారుకు జబ్బు చేసింది. నువ్వు సెలవు అయిపోయి వెళ్లిన తర్వాతే మొదలైంది. నడిచినంతసేపు ఏ లోపమూ లేదు. మొన్న వనపర్తిలో చీరలు ఇచ్చి వస్తూ, బీచుపల్లి దగ్గర టీ తాగుదామని ఆపాను. ఇంజిన్ ఆపగానే లోపల గడగడా నీళ్లు మరిగిన చప్పుడు, బానెట్ సందుల్లోంచి ఆవిరి. జనం మూగారు. ఒకాయన "ఆడోళ్లకు గిసొంటి రేసు బండ్లు ఎందుకమ్మా? బస్సుల పోరాదు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మన ఊరి మెకానిక్ ఇస్రాయేలు వచ్చి చూసి, "టర్బోనే ఖరాబైనట్టుంది అక్కా. గంత మరుగుతుంటే ఇంజిన్ గూడ పోతది" అన్నాడు. బట్టల కొట్టు రంజిత్ ఆ మాట కోసమే కాచుకున్నట్టు, ఉన్నది ఉన్నట్టు కొంటానంటున్నాడు. అమ్మ కూడా అమ్మెయ్యమంటోంది.

నేను అమ్మను. మగ్గం గుంటలో కూర్చుని ఏళ్ల తరబడి కోరుకున్న కారు ఇది. నీ వచ్చే సెలవుకు సోమశిల నుంచి నిన్ను ఇందులోనే తీసుకొస్తాను, చూస్తూ ఉండు.

నీ
రమ్య


నల్లమల, క్యాంపు నుంచి

నా బంగారు రమ్యకు,

ఉత్తరం అందింది. చదివి నవ్వాను, ఆ తర్వాత పరేషాన్ అయ్యాను. కోపం తెచ్చుకోకుండా విను. ఆ బండి నాకూ ఇష్టమే. కానీ ఎవరి చేతుల్లోనో తిరిగి వచ్చిన పాత బండి. దారి మధ్యలో ఆగిపోతే ఎట్లా? పొద్దున స్టార్ట్ కాకపోతే నెట్టడానికి నేను దగ్గర లేను. ఇక్కడ చెట్ల మధ్య తిరుగుతుంటే నాకు అదే ఆలోచన. రంజిత్ అడుగుతున్నాడు కదా, ఇచ్చెయ్.

ఇక్కడి సంగతులు. మా నాగయ్య పెద్దాయన వైర్లెస్ సెట్టు ఆపకుండా పడుకున్నాడు. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. అదే రోజు గుట్ట మీద మంట లేచింది. చెప్పడానికి సెట్టు పలకదు. పక్క క్యాంపు దాకా ఉరికి చెప్పాల్సి వచ్చింది. "నాకు యాదికి లేదురా" అని ఒకటే బాధ ఆయనకు. నాకు మాత్రం ఆ అలవాటు ముందు నుంచీ ఉంది. పని అయిపోయాక కూడా ఏదైనా కూస్తుంటే, వైరు పీకి, కవరు చుట్టి, నారతో కట్టేస్తాను. బ్యాటరీ ఉంటేనే కదా మనకు ధైర్యం.

వేళకు తిను. అత్తమ్మను అడిగానని చెప్పు.

నీ
శ్రీశైలం


గద్వాల

బండి అమ్మెయ్యమన్న బావకు,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు, కాస్త చల్లారాక రాస్తాను.

పోగు తెగితే చీర పారేస్తామా? కొస వెతికి అతుకుతాం. నేనూ అదే చేస్తున్నాను. కారు ఆపిన తర్వాతే ఎందుకు మరుగుతోంది? ఇదే మాట ఇస్రాయేలును అడిగి అడిగి విసిగించాను. చివరికి చెప్పాడు. ఇంజిన్ నడిచినంతసేపు నీళ్లు తిరుగుతాయి. ఆపితే నిలిచిపోతాయి. ఇంజిన్‌లోకి గాలి ఊదే ఆ టర్బో మాత్రం ఇంకా కాలుతూనే ఉంటుంది. అది చల్లారేదాకా నీళ్లు తిప్పడానికి ఒక చిన్న కరెంటు పంపు వేరే ఉంటుందట.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్న కొత్తలో ఇంజిన్ ఆపాక తుమ్మెద లాగా సన్నగా ఒక చప్పుడు వచ్చేది కదా? ఇప్పుడు రావడం లేదు. చెవి పెట్టి విన్నాను, లేదు.

"అయితే టర్బో కాదక్కా, పంపే పోయింది. గది ఈడ దొర్కదు" అన్నాడు ఇస్రాయేలు. ఫ్యూజు చూశాం, బాగుంది. పంపు దాకా కరెంటు వస్తోందో లేదో చూడాలి. కానీ అది లోపలెక్కడో ఉంది, అతని చెయ్యి పట్టదు. రంజిత్ ఐతవారం బండి కోసం వస్తానన్నాడు. రానీ. నా కళ్లతో చూడనిదే ఆ పంపు చచ్చిందని నేను ఒప్పుకోను.

రమ్య


గద్వాల

ప్రియాతిప్రియమైన బావకు,

చల్లారాను. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

ఐతవారం పొద్దున్నే బానెట్ ఎత్తి, పౌడరు డబ్బా అద్దం లోపలికి పెట్టి టార్చి వేశాను. పంపు కనిపించింది. దాని వైరు ప్లగ్గు ఊడి ఉంది. ఊడిపోయింది కాదు, పీకేసింది. దుమ్ము పట్టకుండా మిక్చర్ ప్యాకెట్ కవరు చుట్టి ఉంది. దాని మీద అడవి నార, నువ్వు తేనె సీసాకు కట్టే ముడి.

ఇస్రాయేలును పిలిచి చూపిస్తే నెత్తి పట్టుకున్నాడు. అమ్మ తొంగి చూసి, "అల్లుడు గింత సన్నటి చెయ్యి ఏడికెల్లి తెచ్చిండే?" అంది. నాకు ముందు పిచ్చి కోపం వచ్చింది. నా బండికి నువ్వే జబ్బు తెచ్చి, నువ్వే అమ్మెయ్యమంటావా?

తర్వాత నీ ఉత్తరం మళ్లీ చదివాను. నెట్టడానికి దగ్గర లేనన్నావు. వెళ్లే రోజు ఇంజిన్ ఆపినా ఏదో కూస్తుంటే, బ్యాటరీ పోయి నేను ఒక్కదాన్నే తిప్పలు పడతానని కట్టేసి వెళ్లావు కదూ. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను బావా. రంజిత్ అప్పుడే వచ్చాడు. నా మొహం చూసి, బండి పోతోందని ఏడుస్తున్నాననుకున్నాడు. "బండి ఇయ్యను, నువ్వు పో అన్నా" అన్నాను.

నా చెయ్యి పట్టింది, నేనే ప్లగ్గు పెట్టాను. ఆవిరైపోయిన కూలెంట్ నీళ్లు మళ్లీ నింపాం. శ్రీరంగాపూర్ దాకా తోలి, గుడి ముందు ఆపాను. తుమ్మెద కూసింది. చల్లారేదాకా కూసి, దానంతట అదే ఆగిపోయింది. అది బ్యాటరీని తినదు బావా, బండిని కాపాడుతుంది. నీలాగే, కాకపోతే దానికి పని తెలుసు.

సెలవు మొదలయ్యే రోజు సోమశిల రేవు దగ్గర నిలబడు, ఎర్ర కారు వస్తుంది. ఆపాక చప్పుడు వినిపిస్తే మాత్రం చెయ్యి పెట్టకు. ఆ నారను పారెయ్యలేదు. కారు తాళానికి కట్టుకున్నాను.

ఎప్పటికీ నీ
రమ్య