డీజిల్ పైపులో గాలి

మంగళవారం రాత్రి, అమీర్‌పేట

కేటరింగ్ వంటలు మోసే మా పికప్ కొన్నాళ్లుగా చల్లటి పొద్దున స్టార్ట్ కావడం లేదు, ఒకవేళ అయినా గడగడా వణుకుతోంది. ఇంజన్ పోయింది, అమ్మేద్దామని మా ఆయన ఒకటే పోరు.

ఇవాళ పంజాగుట్ట షెడ్డులో మెకానిక్ యాదగిరి ఆయన వైపే చూస్తూ, "ఇంజన్ విప్పాలె అన్నా" అన్నాడు. బండి నడిపేది మాత్రం నేను.

"చేత్తో డీజిల్ పంపు కొడితే ఇంజన్ వెంటనే అందుకుంటోంది. పైపులోకి గాలి పోతోందేమో చూడు," అన్నాను.

"గట్ల కాదక్కా," అని నవ్వాడు.

పైపు చూసేదాకా అతన్ని ఇంజన్ మీద చెయ్యి వేయనివ్వలేదు. చివరికి, "పగిలింది గీ పైపే అక్కా," అన్నాడు. మార్చాక వణుకు ఆగింది.

ఇంటికి వచ్చే దారంతా ఆయన కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. అలగనీ. రేపు చలిలో బండి మళ్లీ మొరాయిస్తుందేమో... మొరాయించనీ, ఇంకెక్కడ గాలి పోతోందో వెతుకుతాను.