వరండా తర్వాత ఊపిరి

పటమట

హెప్సిబా అక్కకు వందనాలు.

అమ్మ పోయి ఏడాదవుతున్న సందర్భంగా పెట్టే జ్ఞాపకార్థ కూడికలో వినిపించడానికి ఆవిడ గొంతు పంపమన్నావు. నా దగ్గర నలభై ఒక్క మాటలే ఉన్నాయక్కా. అల్మరా, పాదిరి, వరండా... అలాంటివే. పోర్చుగీసువాళ్ల ‘అర్మారియో’లో మొదటి ర కాస్తా ల అయి, ఇంగ్లీషులోకీ మన ఇంట్లోకీ ఎలా వచ్చిందో థీసిస్‌లో రాయడానికి చల్లపల్లిలో అమ్మచేత పలికించి రికార్డు చేసినవి.

ఒక్కో మాట పలికాక అమ్మ ఊరుకునేది కాదు. “అంత చిక్కిపోయావేంట్రా?” అని ఒకసారి అన్నట్టు గుర్తు. పరిశోధనకి పనికిరావని అవన్నీ కత్తిరించి చెరిపేశాను. మా పనిలో అందరం అదే చేస్తాం.

‘వరండా’ దగ్గర మాత్రం కోత కాస్త ఆలస్యంగా పడింది. మాట అయ్యాక అమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. ఏదో అనబోతుంది. అంతే, ఆగిపోతుంది. కంప్యూటర్ కట్టేశాక కూడా ఆ ఊపిరి నాకు వినిపిస్తోంది.

అది రికార్డు చేసిన మధ్యాహ్నం నువ్వు పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నావు. తర్వాత అమ్మ ఏమందో గుర్తుంటే రాయక్కా. నేనూ ఎదురుగానే ఉన్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. ర, ల మాత్రమే విన్నాను.

నీ తమ్ముడు