తొట్టి సెంటర్, మా కొట్టు వైపు నుంచి

నూజివీడు,
8 జూన్ 2025.

నాన్నగారికి,

మీ కీర్తిప్రియ దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. మీరూ, నాయనమ్మా బాగున్నారని అమ్మ ఫోన్లో చెబుతూనే ఉంది. నా ఫోన్ మీరు ఎత్తడం లేదు గనుక కాగితం పట్టుకున్నాను. చింపేసేలోపు ఒక్కసారి చదవండి.

నేను కాపురం ఉంటున్నది తొట్టి సెంటర్లో. కింద మామగారి తాళ్ళూ గోనెసంచుల కొట్టు, పైన ఇల్లు. కిటికీ తెరిస్తే నాలుగు రోడ్లూ కనిపిస్తాయి. మధ్యలో ఆ రాతి తొట్టి. జమీందార్ల కాలంలో ఒకే రాయిని తొలిచి పెట్టించారట. ఆగిరిపల్లి నుంచీ మన రెడ్డిగూడెం నుంచీ మామిడికాయల బళ్ళు వస్తే, ముందు ఎడ్లు నీళ్ళు తాగాలి, తర్వాతే బేరం. తొట్టి అంచు ఒకచోట నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఎడ్ల మెడలు రాసుకుని అలా అయిందని మా అత్తయ్యగారు చెబితే, వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. ఇప్పుడు ఎడ్లు లేవు. అయినా అత్తయ్యగారు రోజూ పొద్దున్నే నీళ్ళు నింపిస్తారు. ఊరి ఆవులు తాగుతాయి.

తొట్టికి అవతల పెంకుటింటి కాఫీ హోటల్. దాని పక్కన ఒకప్పటి సినిమా హాలు. అది ఫంక్షన్ హాలై ఎన్నేళ్ళయినా ఆటోవాళ్ళు ఇంకా 'హాలు దగ్గర, హాలు దగ్గర' అనే అరుస్తారు. నాయనమ్మని అడగండి, ఈ సెంటర్ గురించి మీకంటే ఎక్కువే చెబుతుంది.

నా పెళ్ళప్పుడు మీరన్న మాట నేను మర్చిపోలేదు. వ్యాపారులకి కాటా ముల్లు తప్ప మనిషి కనపడడన్నారు. ఆ ఇంట్లోకి వెళితే నా కూతురివి కావన్నారు. అందుకే మే నెలలో ఇక్కడ జరిగింది మీకు రాయాలనిపించింది.

ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన. ఆగిరిపల్లి రోడ్డుకి అడ్డంగా కరెంటు స్తంభం కూలింది. మార్కెట్టుకి వెళ్ళే ట్రాక్టర్లూ, ఆటోలూ తొట్టి చుట్టూ ఇరుక్కుపోయాయి. బుచ్చయ్యగారని ఆగిరిపల్లి రైతు, కప్పిన పట్టా ఎగిరిపోతే మామిడికాయల ట్రేల మీద బోర్లా పడుకున్నారు. తన ఒంటితో కప్పి కాయని కాపాడుకోవాలని.

అత్తయ్యగారు చీరకొంగు నడుముకి బిగించి వానలోకి దిగారు. "ట్రేలన్నీ మా కొట్లో పెట్టండయ్యా, ఎవరివైతే ఏంటి, తర్వాత చూసుకుందాం" అని కేకేశారు.

మామగారు కంగారుపడ్డారు. "సుభద్రా, గోనెసంచులన్నీ కిందే ఉన్నాయి. బయట పడేస్తే తడిసిపోవూ?"

"సంచి ఆరితే మళ్ళీ సంచేనండి. కాయ తడిస్తే ఆ మనిషికి ఏం మిగులుద్ది?"

మొదటి సంచుల కట్ట మామగారే వానలోకి విసిరారు. ఆగిపోయిన బస్సులోంచి జనం దిగారు. అటు హోటల్ నుంచి ఇటు మా కొట్టు దాకా వరస కట్టి, చేతి మీదుగా ట్రేలు అందించుకున్నారు. ట్రిపుల్ ఐటీ పిల్లలు, కండక్టరు, హోటల్ వంటాయన, అందరూ. మా ఆయన సతీష్, నేనూ లోపల పేర్చాం. కొట్టు నిండితే మెట్ల మీద, మెట్లు నిండితే మా పడగ్గదిలో. వాన వెలిశాక ఎవరి కాయలు వాళ్ళు పట్టుకెళ్ళారు. బుచ్చయ్యగారు అత్తయ్యగారికి చేతులెత్తి మొక్కబోతే ఆవిడ, "ముందు తల తుడుచుకో అన్నయ్యా, జలుబు చేసుద్ది" అని తువ్వాలు చేతికిచ్చారు.

నాన్నా, మీరు చూసిన వ్యాపారులు ఎలాంటివాళ్ళో నాకు తెలియదు. నేను వచ్చింది మాత్రం ఈ ఇంటికి.

ఉంటాను. నాయనమ్మని అడిగానని చెప్పండి.

మీ అమ్మాయి,
కీర్తిప్రియ

తా.క. మర్చిపోయి కాదు, పైన రాసే ధైర్యం చాలక ఇక్కడ రాస్తున్నాను. ఆ వరసలో హోటల్ వైపు చివర, కండువా తలకి చుట్టుకుని ట్రేలు అందించింది మీరేనని నాకు తెలుసు. నాకంటే ముందు గుర్తుపట్టింది అత్తయ్యగారు. "అదుగో, మీ నాన్నగారు" అన్నారు. పిలుద్దామంటే నేనే వద్దన్నాను. పిలిస్తే మళ్ళీ రారేమోనని భయం. ఆ తర్వాత ప్రతి మంగళవారం మీరు హోటల్లో కిటికీ పక్కన కూర్చుని మా కొట్టు వైపే చూడటం కూడా నాకు తెలుసు. అంత దూరం నుంచి మీకు కనపడనిదీ, వినపడనిదీ ఉందని ఇదంతా రాశాను. ఈ మంగళవారం కాఫీ మెల్లగా తాగండి. నేనే రోడ్డు దాటి వస్తున్నాను. వెళ్ళిపోకండి.