రంగు ఆరని ఏనుగు

గురువారం

ఇవాళ పిల్లల ఎదుగుదల పరీక్షలకు కొండపల్లి వెళ్ళాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఇది పదమూడో ఇల్లు. బొమ్మలు చేసేవాళ్ళ ఇంట్లో ఏడాదిన్నర పాప. ఇచ్చిన వస్తువును చెయ్యి చాచి అందుకుంటుందా అని చూడాలి. తెలియని వస్తువైతే బెదురుతుందేమోనని ఆ ఊళ్ళోనే చిన్న చెక్క ఏనుగు కొన్నాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఏనుగును చూడగానే పాప రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. మూడుసార్లు ఇవ్వబోయాను, మూడుసార్లూ అంతే. ఫారంలో ‘అందుకోలేదు’ అని రాసేశాను.

వాళ్ళమ్మ నవ్వింది. "అది బొమ్మ ముట్టుకోదండీ. రంగు ఆరకుండా చెయ్యి పెడితే వాళ్ళ నాన్న ఊరుకోరు. ఈ చెంచా ఇచ్చి చూడండి మేడమ్."

చెంచా ఇలా చూపించానో లేదో, లాక్కుంది. రాసింది కొట్టేశాను.

బస్సులో ఉండగా నాన్న ఫోన్. "బ్యాంకు పరీక్షకి అప్లై చెయ్యమ్మా. పిల్లల్ని ఆడించడం కూడా ఓ ఉద్యోగమేనా?" మామూలుగా అయితే గొడవపడేదాన్ని. ఇవాళ "చూస్తాలే నాన్నా" అన్నాను.

మిగతా పన్నెండు ఫారాలు పోయిన వారమే ఇచ్చేశాను. త్వరగా పూర్తిచేశానని ప్రొఫెసర్ గారు మెచ్చుకున్నారు. వాటిలో ‘అందుకోలేదు’ అని రాసినవి నాలుగున్నాయి. ఆ నాలుగిళ్ళలోనూ తల్లులు పక్కనే కూర్చున్నారు. నేనే ఏమీ అడగలేదు.